ఏరుకొచ్చినవన్నీ డబ్బాలోనే ఉండిపోతున్నాయా? సేకరణ పుస్తకం పెట్టుకోవడం ఎలా

చేతిపని చేసేవాళ్లను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఐడియాలు ఎక్కణ్నుంచి వస్తాయి?" నాకు అంతకంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న మాత్రం వేరు. "ఆకులు, గుండీలు, పాత టికెట్లు, రంగు కాగితాలు ఏరి ఏరి డబ్బా నింపాను. తెరిచి చూస్తే ఏం చేయాలో తోచడం లేదు. ఏం చేయమంటారు?"

రెండు ప్రశ్నలకూ నా దగ్గర ఒకటే జవాబుంది. వస్తువు కంటబడినప్పుడు మనసులో ఏదో మెదులుతుంది, అందుకే వంగి తీసుకుంటాం. ఇంటికొచ్చి డబ్బాలో వేసేసరికి వస్తువు మిగులుతుంది, ఆ మెదిలింది పోతుంది. ఆరు నెలల తర్వాత చూస్తే అది ఉత్త ఆకు, ఉత్త గుండీ. కాబట్టి వస్తువుతో పాటు దాన్ని ఎందుకు తీసుకున్నారో కూడా దాచాలి. దానికి ఒక పుస్తకం, ఒక ట్రే, వారానికి అరగంట చాలు. ఎలాగో మొదటి నుంచీ చెబుతాను.

ఏమేం కావాలి

పుస్తకానికి:
- కాస్త మందం కాగితం, ఏ4 సైజు, 6 షీట్లు. బొమ్మలు గీసుకునే కాగితమైతే మంచిది.
- అట్టకు కొంచెం దళసరి కాగితం, ఒక షీటు
- గట్టి నూలు దారం, లావు సూది, రంధ్రాలకు దబ్బనం లేదా గుండుసూది
- స్కేలు, పెన్సిల్, కత్తెర

ఏరడానికి, దాచడానికి:
- రెండు మూడు చిన్న కవర్లు, ఒక గట్టి అట్టముక్క (ఆకులు నలగకుండా)
- పాత వార్తాపత్రికలు, బరువైన పుస్తకాలు
- మైదా జిగురు, తెల్ల జిగురు
- మెత్తని పాత బ్రష్
- మైనపు క్రేయాన్, పల్చటి తెల్ల కాగితాలు
- అంచున్న ట్రే ఒకటి, లేకపోతే అట్టపెట్టె మూత

ఇవన్నీ సమకూరేదాకా ఆగకండి. పుస్తకం కుట్టడానికి ఓపిక లేకపోతే, ఇంట్లో ఉన్న ఏ నోటుపుస్తకంతోనైనా మొదలుపెట్టండి. అయితే ప్రతి మూడో పేజీని కుట్టు దగ్గర వేలెడు వెడల్పు మిగిల్చి కత్తిరించేయండి. కారణం మొదటి మెట్టులో ఉంది.

ఏరకూడనివి

ఇది ముందే చెప్పాలి. చాలా దేశాల్లో అడవి పక్షుల ఈకలు, గూళ్లు, గుడ్లు ఇంట్లో ఉంచుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. అమెరికాలో వలస పక్షుల చట్టం 1918 నుంచే ఉంది. రాలిపడిన ఈకకు కూడా అది వర్తిస్తుంది. మీరున్న చోట నియమమేమిటో తెలుసుకునేదాకా ఈకను ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి. సముద్రపు గవ్వ తీసుకునే ముందు తిప్పి లోపల చూడండి, ఏదైనా ప్రాణి కాపురముండవచ్చు. అభయారణ్యాల్లో, పార్కుల్లో రాయి కూడా తీయకూడదన్న నియమం తరచుగా ఉంటుంది.

పాత బ్యాటరీలు, పెచ్చులూడుతున్న పాత రంగు ముక్కలు (వాటిలో సీసం ఉండవచ్చు), ఏం పోశారో తెలియని సీసాలు, తుంచితే పాలు కారే తెలియని మొక్కలు, వీటి జోలికి వెళ్లవద్దు. పిల్లలతో కలిసి ఏరుతుంటే ఈ నాలుగూ ముందే వాళ్లకు చెప్పండి.

మెట్టు 1: పుస్తకం కుట్టుకోండి

మూడు రంధ్రాల కుట్టు ఇది. ఒకసారి చేయి అలవాటు పడితే పావుగంట పని.

షీట్లను ఒక్కొక్కటిగా సగానికి మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చండి. 6 షీట్లకు 24 పేజీలు వస్తాయి. మడిచే ముందు కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, రెండో వైపు మొరాయిస్తుంది. తేలిగ్గా వంగే దిశలో మడత వస్తే పుస్తకం చక్కగా తెరుచుకుంటుంది. పల్చటి కాగితానికి ఈ పట్టింపు అక్కర్లేదు. దళసరి కాగితాన్ని ఎదురుదిశలో మడిస్తే మాత్రం మడత పగిలినట్టు గరుకుగా వస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. 3 సెం.మీ. వెడల్పు, పుస్తకమంత ఎత్తు ఉన్న కాగితపు పట్టీలు ఒక మూడు కత్తిరించి, నిలువుగా సగానికి మడిచి, షీట్ల మధ్య అక్కడక్కడా దూర్చండి. మనం పేజీల మీద ఏవేవో అతికిస్తాం కదా, పుస్తకం అంచువైపు ఉబ్బిపోతుంది. ఈ పట్టీలు కుట్టు దగ్గర కూడా అంతే మందం ఇస్తాయి. ఇవి లేకుండా చేసిన నా మొదటి పుస్తకం నోరు తెరిచిన చేపలా ఎప్పుడూ విచ్చుకునే ఉండేది. చివరికి కుట్టు తెగింది.

అట్టను కూడా మడిచి బయట పెట్టండి. మడత మీద సరిగ్గా మధ్యలో, అంటే పైనుంచి 10.5 సెం.మీ. దగ్గర ఒక రంధ్రం, పై అంచుకు 3 సెం.మీ. కింద ఒకటి, కింది అంచుకు 3 సెం.మీ. పైన ఒకటి పొడవండి. దారం పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు కావాలి. ఏ4 సగానికి మడిస్తే ఎత్తు 21 సెం.మీ., కాబట్టి 55 సెం.మీ. దారం చాలు. దారాన్ని ఒకసారి కొవ్వొత్తి మీద లాగితే చిక్కు పడదు.

కుట్టే వరస ఇదీ:
- లోపలి నుంచి మధ్య రంధ్రంలో సూది బయటికి దించండి. లోపల 8 సెం.మీ. దారం వదలండి.
- బయటి నుంచి పై రంధ్రం గుండా లోపలికి రండి.
- లోపల మధ్య రంధ్రాన్ని దాటి, కింది రంధ్రం గుండా బయటికి వెళ్లండి.
- బయటి నుంచి మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి రండి.
- దారం రెండు కొసలూ లోపలి పొడవాటి కుట్టుకు చెరోవైపు ఉండాలి. బిగువుగా లాగి, ఆ కుట్టు మీదుగా రెండు ముళ్లు వేయండి.

జరిగే పొరపాటు రెండు చోట్ల. చివరిసారి మధ్య రంధ్రంలోకి వచ్చేటప్పుడు ముందున్న దారాన్ని సూది గుచ్చుకుపోతే ఇక బిగవదు, కాబట్టి ఆ దారాన్ని పక్కకు పట్టుకోండి. ఇక లాగేటప్పుడు దారాన్ని మడత పొడవునా లాగండి. పైకి లాగితే కాగితం చిరుగుతుంది.

సరిచూసుకోవడం: పుస్తకాన్ని ఒక్క లోపలి షీటు పట్టుకుని పైకెత్తండి. మిగతావి జారకుండా ఉంటే కుట్టు కుదిరింది.

మెట్టు 2: రోజుకు మూడే

బయటికి వెళ్లినప్పుడు మూడు వస్తువులకు మించి తీసుకోవద్దు. నాలుగోది నచ్చితే మొదటి మూడింట్లో ఒకదాన్ని వదిలేయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే డబ్బా సమస్య సగం తీరుతుంది. ఏది వదలాలో తేల్చుకునేటప్పుడు "దీంట్లో నాకు ఏం నచ్చింది?" అని మిమ్మల్ని మీరు అడగక తప్పదు. ఆ జవాబే మనకు కావలసింది.

తీసే ముందు అది ఉన్న చోటే ఒక ఫొటో తీయండి. పక్కన మీ వేలో పెన్నో ఉంటే సైజు తెలుస్తుంది. తడి నేల మీద పసుపు ఆకు మెరిసిపోతుంటే తీసుకుంటాం. ఇంటికి తెచ్చాక మెరుపు ఉండదు. నచ్చింది ఆకు కాదు, తడి నలుపు పక్కన పసుపు. ఆ జంట ఫొటోలో ఉంటుంది, ఆకులో ఉండదు.

ఇక చీటీ. ఆ రోజు రాత్రిలోపు ప్రతి వస్తువుకూ మూడు ముక్కలు రాయండి:
- తేదీ, చోటు
- కంటికి ముందు తగిలింది ఏమిటి (రంగా, అంచా, గరుకుతనమా, అరుగుదలా, ఆకారమా)
- అది దేన్ని గుర్తుచేసింది

మూడో ముక్క తప్పనిసరి. నా పుస్తకంలోంచే ఒకటి చూపిస్తాను. రోడ్డు పక్కన దొరికిన తుప్పు పట్టిన వాషర్. "అందమైన పాత వాషర్" అని రాసుకుని ఉంటే దాంతో ఏమీ అయ్యేది కాదు. నేను రాసుకున్నది ఇది: "లోపలి గుండ్రం అరిగి ఒక వైపు పల్చబడింది. తుప్పు మూడు రంగులు: బయట కాఫీ రంగు, మధ్యలో ఇటుక, లోపలి అంచున నారింజ. గ్రహణం వదులుతున్న సూర్యుడు." రెండు నెలల తర్వాత ఆ మూడు రంగుల దారాలతో ఒక గుండ్రటి కుట్టు మొదలుపెట్టాను. వాషర్ చూసి కాదు, చీటీ చదివి.

కాగితపు పూలు చేసిన ఇంగ్లండు కళాకారిణి మేరీ డెలానీ గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1772లో, ఆవిడ వయసు 72. ఒక ఎర్ర కాగితం ముక్క రంగు, జెరేనియం పువ్వు రంగు అచ్చం ఒకేలా ఉన్నాయని గమనించింది. కత్తెర తీసుకుని ఆ కాగితంతో పువ్వు కత్తిరించింది. అలా పదేళ్లపాటు, చూపు మందగించేదాకా, రంగు కాగితాల ముక్కలు నల్లటి కాగితం మీద అతికిస్తూ వెయ్యికి దగ్గరగా పూలు చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పువ్వునూ కాగితాన్నీ అందరూ చూస్తారు. ఆవిడ ఆ రెండింటినీ పక్కపక్కన చూసింది. మీ చీటీలో మూడో ముక్క చేసే పని అదే.

మెట్టు 3: శుభ్రం చేయండి

ప్రతి వస్తువుకూ నీళ్లు పనికిరావు. ముందు పొడి బ్రష్‌తో దులపండి. చాలా వాటికి అంతే చాలు.

కాగితం: తడి తగలనివ్వద్దు. మడతలు వేలితో సాపు చేసి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి ఒక రోజు బరువు కింద ఉంచండి.

లోహం: రాలే తుప్పును బ్రష్‌తో దులిపి, పూర్తిగా ఆరాక కొవ్వొత్తి మైనమో, చెక్క సామానుకు పూసే మైనమో పల్చగా రుద్దండి. తుప్పంతా గీకేయకండి, రంగు అందులోనే ఉంది.

గవ్వలు, నత్త చిప్పలు: సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్. వెనిగర్ వద్దు, అది గవ్వను కరిగిస్తుంది. బ్లీచింగ్ ద్రావణం వాడితే పల్చగా, కొద్దిసేపే వాడండి. బ్లీచింగ్‌నూ వెనిగర్‌నూ ఎప్పుడూ కలపవద్దు, ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

చెక్క, విత్తనాలు, ఉన్ని గుడ్డ: వీటిలో పురుగులుంటే మీ మొత్తం సేకరణనూ తినేస్తాయి. జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి, ఇంట్లో ఫ్రీజర్లో (మైనస్ 18 డిగ్రీలు) 2 వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే తెరవకండి. ఒక రోజు అలాగే వదిలేస్తే చెమ్మ కవరు బయటే పడుతుంది, వస్తువు మీద పట్టదు.

మెట్టు 4: ఆకులు, పూలు అదిమి ఆరబెట్టండి

అన్నిటికంటే ఎక్కువ పాడయ్యేవి ఇవే, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

మంచు ఆరిపోయాక, ఎండ ముదరకముందు కోయండి. రాలినవైతే తడి లేనివి చూడండి. ఆకుకు ఆకు తగలకుండా వార్తాపత్రిక మడతల మధ్య పరిచి, పైన 8 నుంచి 10 కిలోల బరువు పెట్టండి. లావు పుస్తకాల దొంతర సరిపోతుంది. మొదటి 3 రోజులు రోజూ కాగితం మార్చాలి. తర్వాత 3 రోజులకోసారి. మొత్తం 2 నుంచి 3 వారాలు పడుతుంది.

కాగితం మార్చడం దగ్గరే అందరూ బద్ధకిస్తారు. ఆకులోని నీరంతా కాగితంలోకి వెళుతుంది, ఆ కాగితం తడిగా అక్కడే ఉంటే ఆకు నల్లబడుతుంది లేదా బూజు పడుతుంది. ఒకసారి ఊరెళ్లి వారం తర్వాత తెరిస్తే నావి పదహారు ఆకులూ బూడిద రంగు నూగుతో బయటపడ్డాయి. బూజు పట్టినదాన్ని కాపాడాలని చూడకండి, చుట్టూ ఉన్న కాగితంతో సహా పారేయండి.

కొన్ని చిన్న విషయాలు:
- టిష్యూ పేపరు వాడితే దాని మీది చుక్కల డిజైను రేకుల మీద అచ్చు పడుతుంది. నున్నటి కాగితం వాడండి.
- దళసరి పువ్వును బ్లేడుతో నిలువుగా సగం చేసి అదమండి. మధ్యలో ఉబ్బు ఉంటే చుట్టూ రేకులు ముడుచుకుంటాయి.
- తొందరగా కావాలంటే రెండు కాగితాల మధ్య పెట్టి, ఆవిరి లేకుండా తక్కువ వేడి మీద ఇస్త్రీపెట్టెను 10 సెకన్లు ఆనించి తీయండి, చల్లారనిచ్చి మళ్లీ. రుద్దకండి. పల్చటి ఆకులకే ఇది కుదురుతుంది.
- ఆకు ఎండి పెళుసు కాకుండా మెత్తగా ఉండాలంటే ఒక వంతు గ్లిసరిన్, రెండు వంతులు నీళ్లు కలిపి, అందులో ముంచి వారం రెండు వారాలు ఉంచండి. రంగు ముదురుతుంది, ఆకు మాత్రం తోలులా వంగుతుంది.

సరిచూసుకోవడం: ఆకును పెదవికి ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది, మళ్లీ బరువు కింద పెట్టండి. చల్లదనం లేకుండా కాగితంలా తగిలితే ఆరినట్టే. వేలికంటే పెదవికే ఇది బాగా తెలుస్తుంది.

రంగు గురించి నిరాశ పడకండి. ఎరుపు, ఊదా తొందరగా వెలుస్తాయి. పసుపు, నారింజ ఎక్కువ కాలం నిలుస్తాయి. ఏదైనా సరే నేరుగా వెలుతురు తగిలే గోడ మీద పెడితే వెలవక తప్పదు. అందుకే ఆరబెట్టే ముందే రంగు నమూనా వేసుకోవాలి. అది ఆరో మెట్టు.

మెట్టు 5: పేజీలో నిలపండి

సెల్లో టేపు వద్దు. కొన్నేళ్లకు పసుపుబారి, జిగురు కాగితంలోకి ఇంకి, టేపు మాత్రం ఊడి వస్తుంది. రబ్బరు జిగురు కూడా గోధుమ రంగు మరక మిగులుస్తుంది.

కాగితాలకు, ఆకులకు మైదా జిగురు మంచిది. ఒక చెంచా మైదా, 5 చెంచాల నీళ్లు ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉండండి. పాలలాంటి తెలుపు పోయి కాస్త అద్దంలా మారగానే దించి వడకట్టండి. ఫ్రిజ్‌లో 3 రోజులు ఉంటుంది. పులిసిన వాసన వస్తే పారేయండి. దీని గొప్పతనం ఏమిటంటే, తర్వాత తడిగుడ్డ పెట్టి ఊడదీసుకోవచ్చు. తెల్ల జిగురు ఎండాక అలా రాదు.

ఆకు వెనకంతా జిగురు పూయకండి. కాడ దగ్గర, మధ్య ఈనె మీద నాలుగైదు చుక్కలు చాలు. ఇంకా మంచిది, పల్చటి కాగితపు సన్నని పట్టీలను కాడ మీదుగా వంతెనలా అతికించడం. మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలలో ఇలాగే చేస్తారు.

గుండీలు, పూసలు, చిన్న చెక్కముక్కలు జిగురుతో నిలవవు. పేజీకి రెండు రంధ్రాలు పొడిచి దారంతో కుట్టేయండి. లోహపు వస్తువుల్ని పేజీలో పెట్టనే వద్దు. ఇందాక చెప్పిన వాషర్‌ను మైనం రుద్దకుండా పుస్తకంలో కట్టాను. వానాకాలం పోయేసరికి దాని నారింజ రంగు గుండ్రం ఐదు పేజీల్లోకి దిగింది. ఆ మరక అందంగానే వచ్చింది కానీ, ఎదురుగా ఉన్న ఎండు పువ్వు పాడైంది. లోహాలకు అగ్గిపెట్టెలు వాడండి. పెట్టె మీద నంబరు వేసి, పేజీలో చీటీ పక్కన అదే నంబరు రాయండి.

టికెట్లు, బిల్లుల విషయంలో ఒక హెచ్చరిక. నున్నగా జారే కాగితం మీద అచ్చయినవి వేడికి నల్లబడే పూతతో తయారైనవి. జిగురు తగిలినా, ప్లాస్టిక్ కవర్లో పెట్టినా, ఎండ పడినా అక్షరాలు మాయమవుతాయి. పరీక్షించాలంటే ఒక మూల గోరుతో గట్టిగా గీయండి. నల్లటి గీత పడితే అదే రకం. వాటికి జిరాక్స్ తీసి జిరాక్స్ కాపీని అతికించండి.

వార్తాపత్రిక ముక్కలు నచ్చితే అతికించండి, కానీ అవి తొందరగా పసుపుబారుతాయి, ఎదుటి పేజీకి కూడా ఆ పసుపు అంటుతుంది. మధ్యలో బటర్ పేపరు వేయండి.

మెట్టు 6: తేలేనివాటిని గుర్తులుగా తెచ్చుకోండి

తలుపు చెక్క గీతలు, మ్యాన్‌హోల్ మూత, చెట్టు బెరడు, గోడ మీది పెచ్చు: ఇవి జేబులో పట్టవు. వీటికి మూడు దారులున్నాయి.

రుద్ది అచ్చు తీయడం. పల్చటి కాగితాన్ని ఉపరితలం మీద పరిచి, ఒక చేత్తో కదలకుండా నొక్కిపట్టి, క్రేయాన్ కాగితం చుట్టు తీసేసి, పక్కకు పడుకోబెట్టి ఒకే దిశలో రుద్దండి. మొన పెట్టి రుద్దితే గీతలే పడతాయి. కాగితం వెంట్రుకవాసి కదిలినా జంట అచ్చు వస్తుంది, కాబట్టి ఇంకొకరు పట్టుకుంటే మేలు. ముందు ఒక నాణెం మీద ప్రయత్నించండి. అంకె చదవగలిగితే మీ ఒత్తిడి సరిపోయింది. జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో అరిగిన చెక్క నేల మీద కాగితాలు పరిచి ఇలాగే రుద్ది, ఆ గీతల్లో అడవుల్నీ జంతువుల్నీ చూశాడు. మీరు కూడా అచ్చు తీశాక కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూడండి. ఏదైనా కనిపిస్తే పెన్సిల్‌తో పల్చగా గీయండి, చీటీలో రాయండి. పిల్లలకు దీన్ని మించిన ఆట లేదు, పెద్దలకు కూడా.

రంగు నమూనా. తెల్ల అట్టముక్కకు మధ్యలో గోరంత రంధ్రం చేసి, దాన్ని వస్తువు మీద పెట్టి ఆ రంధ్రంలోంచి రంగు చూడండి. చుట్టూ ఉన్న రంగులు కన్నును మోసం చేయవు. ఆ రంగు కలిపి పక్కనే అట్ట మీద పూసి, ఆరాక సరిచూడండి. నీటి రంగులు ఆరాక పల్చబడతాయి, తడిలో సరిపోయిందని సంబరపడకండి. రంగులు లేకపోతే దారం ముక్కలు, గుడ్డ పేలికలు పక్కన పెట్టి దగ్గరగా ఉన్నదాన్ని కుట్టేయండి. పగటి వెలుతురులోనే ఈ పని చేయాలి.

మూడోది అంచు గీత. వస్తువును పేజీ మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పడమే. బొమ్మలు వేయడం రాదనుకునేవాళ్లకు ఇది ధైర్యమిస్తుంది.

మెట్టు 7: వారానికోసారి ట్రేలో ఆడండి

"ఆడండి" అనే అంటున్నాను. అరగంట పెట్టుకోండి, జిగురు సీసా దగ్గర ఉంచుకోవద్దు. ట్రేలో ఒక బూడిద రంగు కాగితం పరిచి, ఈ వారం దొరికినవి, పాతవి కలిపి 7 వస్తువులు మాత్రమే వేయండి.

ఒక వారం రంగు ప్రకారం వరసగా పేర్చండి. ఇంకో వారం పెద్ద నుంచి చిన్నకు. ఇంకో వారం ముఖాలు వెతకండి: రెండు రంధ్రాలు, కింద ఒక గీత ఉంటే చాలు, మన కన్ను దాన్ని ముఖంగా చూస్తుంది. పికాసో 1942లో పాత సైకిల్ సీటు, హ్యాండిల్ రెండూ కలిపి ఎద్దు తల చేశాడు. రెండే వస్తువులు. ట్రేలో వస్తువులు పెరిగేకొద్దీ ఇలాంటివి కనబడటం తగ్గుతుంది, అందుకే 7 అన్నాను.

ఏదైనా కుదిరిందనిపిస్తే కదపకుండా నేరుగా పైనుంచి ఫొటో తీయండి. ఆ ఫొటోను నలుపు తెలుపుగా మార్చి చూడండి. అంతా ఒకే బూడిద రంగులో కలిసిపోతే ముదురు, లేత తేడా చాలలేదన్నమాట. ఒక ముదురు వస్తువు మార్చండి. చాలామంది "ఏదో వెలితిగా ఉంది, ఏమిటో తెలియడం లేదు" అనేది తొంభై శాతం ఇదే.

మెట్టు 8: చిన్నది ఒకటి పూర్తి చేయండి

నెలకు ఒకటి. పోస్టుకార్డు సైజు, అంటే ఇంచుమించు 10.5 × 15 సెం.మీ., అంతకు మించవద్దు. పెద్దది తలపెడితే టెన్షన్ మొదలవుతుంది, డబ్బా మళ్లీ మూతపడుతుంది.

కాగితాల కొలాజ్, అంటే ముక్కలు అతికించి చేసే బొమ్మ, తేలిక. జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ అనే చిత్రకారుడు ట్రామ్ టికెట్లు, చుట్టు కాగితాలు, చిరిగిన ప్రకటనలతో చిన్న చిన్న కొలాజ్‌లు చేశాడు. "కొమెర్జ్" అనే అచ్చు మాట చిరిగి "మెర్జ్" అని మిగిలితే, 1919 నుంచి తన పనికంతా ఆ పేరే పెట్టుకున్నాడు. మీరు కూడా ఫొటో చూస్తూ అన్నిటికంటే కింద ఉండే ముక్క నుంచి మొదలుపెట్టండి. జిగురు మధ్యలోంచి అంచులకు పూసి, పైన బటర్ పేపరు వేసి, రాత్రంతా బరువు కింద ఉంచండి. అట్ట ఒక వైపుకు వంపు తిరుగుతుంటే వెనక వైపు కూడా అంతే సైజు కాగితం అతికించండి, నిటారవుతుంది.

అగ్గిపెట్టెలో చిన్న దృశ్యం చేయడం నాకు అన్నిటికంటే ఇష్టం. లోపలి సొరుగుకు రంగు కాగితం, వెనక ఒక ఎండుటాకు, ముందు ఒక గుండీ. ఆకు గోడకు అంటుకోకుండా మధ్యలో 3 మి.మీ. అట్టముక్క పెట్టి ఎత్తండి, నీడ పడుతుంది. ఆ నీడ వల్లే పెట్టెకు లోతొస్తుంది.

లోహాన్ని చెక్కకు అతికించాలంటే రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు వాడండి, కిటికీ తెరిచి. క్షణంలో అంటుకునే జిగురు చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వేస్తుంది, ముదురు రంగుల మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సన్న తీగతో కట్టగలిగితే జిగురు కంటే అదే అందం.

ఇది కుదురుతోందా అని ఎలా తెలుస్తుంది

మూడు వారాల తర్వాత పుస్తకం తెరిచి, వస్తువుల మీద చేయి అడ్డం పెట్టి చీటీలు మాత్రమే చదవండి. నాలుగింట్లో ఒక్కటైనా "దీంతో ఇది చేయొచ్చు" అనిపిస్తే మీరు సరిగ్గా రాస్తున్నారు. ఒక్కటీ అనిపించకపోతే చీటీల్లో "బాగుంది", "అందంగా ఉంది", "భలే ఉంది" అన్న మాటలు ఎన్నున్నాయో చూడండి. వాటిని కొట్టేసి, ఆ వస్తువును మళ్లీ చేతిలోకి తీసుకుని, రంగో అంచో అరుగుదలో తేల్చి రాయండి. వస్తువు ముందు కూర్చుని రెండు నిమిషాలు గడిచినా ఏమీ తోచకపోతే దాన్ని దొరికిన చోటికి, లేదా చెత్తబుట్టకు పంపేయండి, ఫొటో ఎలాగూ ఉంది.

ఇంకో గుర్తు: మీరు ఒకే రకం వస్తువు మళ్లీ మళ్లీ తెస్తుంటారు. నాకు అరిగిన అంచులు. మీకు రంధ్రాలో, చారలో, వెలిసిన నీలమో కావచ్చు. మూడోసారి వచ్చినప్పుడు పుస్తకం చివరి పేజీలో దాని పేరు రాసి, కింద ఆ పేజీల నంబర్లు వేస్తూ వెళ్లండి. వరసగా చేయగలిగిన పని, అంటే ఒకే ఆలోచన మీద ఐదారు ముక్కలు, దాదాపు ఎప్పుడూ ఈ చివరి పేజీలోంచే వస్తుంది.

24 పేజీలు నిండాక అట్ట మీద మొదలుపెట్టిన తేదీ, ముగిసిన తేదీ రాయండి. పుస్తకాన్ని నిలబెట్టకండి, ఎండుటాకులు కిందికి జారి విరుగుతాయి. పడుకోబెట్టి, పైన తేలికపాటి అట్ట వేసి, చెమ్మ తగలని చీకటి సొరుగులో ఉంచండి. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, తగ్గాక ఒకసారి తీసి పేజీలన్నీ తిప్పి గాలి ఆడనివ్వండి. పేజీల మధ్య పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు పట్టిందని అర్థం. పుస్తకం మొత్తాన్ని కవర్లో చుట్టి, మూడో మెట్టులో చెప్పినట్టే 2 వారాలు ఫ్రీజర్లో పెట్టండి.